అసిస్టెంట్ కోచ్ లంచం తింటే టోర్నీ పోయింది కుర్రాళ్లకు

సంపాదకుడు గారికి,

అమెరికా కాలేజీ బాస్కెట్‌బాల్ గురించి తెలుగు పత్రికకు ఉత్తరమేమిటని మీరు అనుకోవచ్చు. కానీ ఓక్లహామా స్టేట్, కాన్సస్, లూయిస్‌విల్ అనే పేర్లు అమెరికా చదువుకు వచ్చే ఐ-20 అడ్మిషన్ కాగితాల పుణ్యమా అని మన దగ్గర చాలా ఇళ్లలో తెలుసు. కొడుకు పంపిన యూనివర్సిటీ స్వెట్‌షర్ట్ వేసుకుని విజయవాడలో పొద్దున్నే వాకింగ్‌కు వెళ్లే పెద్దాయనల్ని నేనే చూశాను. అంత చెమటలోనూ దాన్ని విప్పని ఆయనకు కొడుకు మీద ఎంత ప్రేమో అనుకున్నాను. నేను ఎమ్మెస్ చేసింది స్టిల్‌వాటర్‌లోని ఓక్లహామా స్టేట్‌లో. చిన్న ఊరు. చలికాలం సాయంత్రాలు గడవాలంటే గాలఘర్-ఐబా హాల్లో మ్యాచ్ చూడాల్సిందే. అలా పట్టుకున్న పిచ్చి ఇప్పటికీ వదల్లేదు.

అక్కడ ఒక కాలేజీ మీద రూల్స్ ఉల్లంఘన విచారణ మొదలైందంటే చాలు, అభిమానులు లెక్కలు కట్టడం మొదలెడతారు. స్కాలర్‌షిప్‌లు ఎన్ని తగ్గిస్తారు, కోచ్‌ను ఎన్ని మ్యాచ్‌లు కూర్చోబెడతారు, గెలుపు గుర్తుగా హాల్లో వేలాడే బ్యానర్ దించుతారా... అన్నిటికంటే పెద్ద టెన్షన్, కాలేజీ ఆటల్ని నడిపే సంఘం ఎన్‌సీఏఏ మార్చిలో పెట్టే టోర్నీ ఆడనిస్తారా లేదా అని. 68 జట్లు, ఒక్కటి ఓడితే ఇంటికే. కాలేజీ కుర్రాడికి అంతకు మించిన పండగ లేదు. శిక్ష కూడా సరిగ్గా అక్కడే పడుతుంది.

మా కేసే చెబుతాను. 2017 సెప్టెంబర్‌లో ఎఫ్‌బీఐ కొందరు అసిస్టెంట్ కోచ్‌లను అరెస్టు చేసింది. వాళ్లలో మా లమాంట్ ఎవాన్స్ ఒకడు. ప్రొఫెషనల్ లీగ్ అయిన ఎన్‌బీఏకు వెళ్లబోయే కుర్రాళ్లను ఫలానా ఫైనాన్షియల్ అడ్వైజర్ల దగ్గరికి మళ్లించడానికి దాదాపు 22 వేల డాలర్ల దాకా తీసుకున్నాడు. యూనివర్సిటీ వెంటనే ఉద్యోగం తీసేసింది. కోర్టు మూడు నెలల జైలు వేసింది. అంతవరకు సబబే. తర్వాత 2020 జూన్‌లో మా జట్టుకు ఎన్‌సీఏఏ ఒక ఏడాది టోర్నీ నిషేధం విధించింది. యూనివర్సిటీ అప్పీలుకు వెళ్లింది. అప్పీలు నడుస్తున్నంత కాలం నిషేధం ఆగింది కాబట్టి 2021 మార్చిలో మా స్టార్ కేడ్ కనింగ్‌హామ్ ఉన్న జట్టు టోర్నీ ఆడేసింది. అతను ఆ ఏడాదే ఎన్‌బీఏ జట్లు కొత్త ఆటగాళ్లను ఎంచుకునే డ్రాఫ్ట్‌లో మొదటివాడిగా వెళ్లిపోయాడు. నవంబర్‌లో అప్పీలు కొట్టేశారు. శిక్ష 2021-22 జట్టు నెత్తిన పడింది. ఎవాన్స్ ఉద్యోగం పోయేనాటికి ఆ జట్టులో చాలామంది ఇంకా హైస్కూలు పిల్లలు! మా లీగ్ అయిన బిగ్-12 టోర్నీ కూడా ఆ ఏడాది మా వాళ్లు లేకుండా తొమ్మిది జట్లతోనే జరిపారు. మా వాళ్లు 15 గెలిచి 15 ఓడి మార్చి మొదటి వారంలోనే బూట్లు విప్పేశారు.

అత్త మీద కోపం దుత్త మీద చూపించడమంటే ఇదే కదా.

కాలేజీల యాజమాన్యాలూ తక్కువేం తినలేదు. ఎన్‌సీఏఏ వేసే లోపే మనమే వేసుకుంటే శిక్ష కాస్త తగ్గుతుందని, తమకు అనువైన ఏడాది చూసుకుని నిషేధం వేసుకుంటారు. సిరక్యూస్ 2015లో అలాగే చేసింది. ఆ సీజన్‌లో జట్టు 18 గెలిచి 13 ఓడింది, అంటే వదులుకున్నదీ పెద్దగా లేదు. మరుసటి ఏడాదే ఫైనల్ ఫోర్, అంటే చివరి నాలుగు జట్ల దాకా వెళ్లింది. లూయిస్‌విల్ కథ ఇంకా బాధాకరం. రిక్రూట్‌మెంట్‌కు వచ్చిన కుర్రాళ్ల కోసం ఒక ఉద్యోగి హాస్టల్‌కు డాన్సర్లను పిలిపించిన వ్యవహారం 2015లో బయటికొచ్చింది. 2016 ఫిబ్రవరిలో, సీజన్ మధ్యలో, యూనివర్సిటీ తనకు తానే నిషేధం వేసుకుంది. డామియన్ లీ, ట్రే లూయిస్ అనే ఇద్దరు సీనియర్లు వేరే కాలేజీల్లో డిగ్రీ ముగించుకుని, మిగిలిన ఒక్క ఏడాదీ టోర్నీ ఆడాలనే ఆ ఊరు వచ్చారు. ఆ రోజు వాళ్ల ముఖాలు టీవీలో చూసినవాళ్లకు ఇంకేం చెప్పక్కర్లేదు.

అదే కేసులో 2018లో లూయిస్‌విల్ 2013 టైటిల్‌ను రికార్డుల్లోంచి తీసేశారు. పురుషుల బాస్కెట్‌బాల్‌లో పై స్థాయి అయిన డివిజన్-1లో టైటిల్ అలా పోవడం అదే మొదటిసారి. ఫైనల్లో ఓడిన మిషిగన్‌కు దాన్ని ఇవ్వలేదు. అంటే ఆ ఏడాది పుస్తకాల్లో ఆట జరిగింది, గెలిచినవాడే లేడు. 82-76 అని ఆ రాత్రి చూసిన జనం కళ్లలోంచి మాత్రం ఎవరు తుడుస్తారు? బ్యానర్ దించడం శిక్ష అంటే నాకు నవ్వొస్తుంది.

ఇక్కడ ఒక సంగతి ఒప్పుకోవాలి. 2023 అక్టోబర్‌లో కాన్సస్ తీర్పు వచ్చినప్పుడు నాకు ఒళ్లు మండింది. అడిడాస్ తరఫు మనిషి ఆటగాళ్ల ఇళ్లకు డబ్బు చేరవేశానని కోర్టులోనే చెప్పిన కేసది. తీర్పులో 2017-18 సీజన్‌లోని 15 గెలుపులు, ఆ ఏడాది ఫైనల్ ఫోర్ బ్యానర్ పోయాయి, మూడేళ్ల ప్రొబేషన్ (నిఘా) పడింది. టోర్నీ నిషేధం లేదు. కోచ్ బిల్ సెల్ఫ్‌కు యూనివర్సిటీ తానే వేసిన నాలుగు మ్యాచ్‌ల సస్పెన్షన్‌తో సరి. మధ్యలో 2021లో ఆయనకు జీవితకాలపు కాంట్రాక్టు, 2022లో టైటిల్! మాకు నిషేధం, వాళ్లకు కప్పా అని ఆ రాత్రి స్నేహితులతో గంటసేపు వాదించాను. కాన్సస్‌ను రెండేళ్లు బయట కూర్చోబెట్టాల్సిందేనన్నాను. మా ఆవిడ విని, "అప్పుడు కూర్చునేది ఎవరు, మళ్లీ పిల్లలేగా?" అంది. నా దగ్గర జవాబు లేదు.

నిజానికి కాన్సస్ కేసులో కూడా ఒక పిల్లాడు ముందే కూర్చున్నాడు. గార్డియన్ డబ్బు తీసుకున్నాడని సిల్వియో డి సౌసాను 2018-19 సీజన్ మొత్తం ఆడనివ్వలేదు. కుర్రాడికి శిక్ష నెలల్లో పడింది, యూనివర్సిటీకి తీర్పు రావడానికి అయిదేళ్లు పట్టింది. నన్నడిగితే అన్నిటికంటే పెద్ద తప్పు ఈ ఆలస్యమే. రెండేళ్లలో తేల్చి ఉంటే సగం గొడవలుండేవి కావు.

ఎవరికి తగలాలో వాళ్లకు తగిలే శిక్షలు లేకపోలేదు. ఎవాన్స్‌కు పదేళ్ల షోకాజ్ పడింది. మన ఆఫీసుల్లో షోకాజ్ అంటే సంజాయిషీ అడిగే కాగితం. అక్కడ ఆ పదేళ్లలో అతన్ని ఉద్యోగంలోకి తీసుకునే కాలేజీయే సంజాయిషీ చెప్పుకోవాలి, కాబట్టి ఎవరూ పిలవరు. 2023లో టెనసీ ఫుట్‌బాల్ కేసులో ఇంకో పని చేశారు. ఆటగాళ్లను వదిలేసి యూనివర్సిటీకి 80 లక్షల డాలర్లకు పైగా జరిమానా వేశారు. రెండేళ్లు పోస్ట్‌సీజన్ (సీజన్ చివరి పెద్ద మ్యాచ్‌లు) ఆడకపోతే పోయే డబ్బుకు సమానంగా ఆ మొత్తం నిర్ణయించామన్నారు. ధనవంతులకు ఇదో లెక్కా అనేవాళ్లున్నారు. లెక్క కాకపోతే మొత్తం పెంచండి, అందులో కొంత కోచ్ జీతంలోంచి కోయండి.

2021 జూలై నుంచి ఆటగాళ్లు తమ పేరును ప్రకటనలకు ఇచ్చి సంపాదించుకోవచ్చు. 2025 నుంచి యూనివర్సిటీలే నేరుగా ఇస్తున్నాయి, మొదటి ఏడాది ఒక్కో యూనివర్సిటీకి రెండు కోట్ల డాలర్లకు పైగా పరిమితితో. 2017లో కవర్లలో దాచిన డబ్బులో కొంత ఇప్పుడు కాంట్రాక్టు కాగితం మీదే ఉంటుంది. కోచ్ తినే లంచం మాత్రం అప్పుడూ ఇప్పుడూ లంచమే. అలాంటి కేసు మళ్లీ వస్తే టోర్నీ నిషేధం జోలికి పోకుండా డబ్బు, కోచ్ ఉద్యోగం దగ్గరే ఆగాలని నా మాట. రేపు ఆ కేసు కాన్సస్‌దే అయితే ఇదే మాట మీద నిలబడతావా అని మా ఆవిడ అడుగుతోంది. ప్రయత్నిస్తానని చెప్పాను.

ఇట్లు,
ఓక్లహామా స్టేట్ పూర్వ విద్యార్థి,
డాలస్, టెక్సస్