ముద్దకీ ఫోన్‌కీ ముడి విప్పుదాం

తల్లిదండ్రులకు నమస్కారం.

దసరా సెలవులు దగ్గరపడ్డాయి. పరీక్ష పేపర్లు, ఫీజు గడువు, వ్యాన్ టైమింగుల మార్పు అన్నీ వెనక పేజీలో ఉన్నాయి, చూసుకోండి. ఈ ఉత్తరం మాత్రం నర్సరీ నుంచి రెండో తరగతి దాకా చదివే పిల్లల ఇళ్లకు. విషయం ఫోన్. పెద్ద తరగతుల పిల్లల సంగతి వేరు, వాళ్లతో మాట్లాడే పద్ధతీ వేరు. 2022 డిసెంబరులో మన రాష్ట్ర ప్రభుత్వం బడి పిల్లలకు ట్యాబ్‌లు పంచినప్పుడు కూడా ఎనిమిదో తరగతి వాళ్లకే పంచింది. "చదువుకోడానికే కదా మేడం" అంటూ ఎల్‌కేజీ పాపకు ట్యాబ్ కొన్నవాళ్లు మనలో ఉన్నారు, వాళ్లు ఈ సంగతి ఒకసారి ఆలోచించాలి.

నన్నడిగితే ఐదేళ్లు నిండేదాకా పిల్లల చేతికి ఫోన్ ఇవ్వకపోవడమే మంచిది. డాక్టర్లు నా అంత పట్టుగా ఉండరు, కాస్త వెసులుబాటు ఇస్తారు. రెండేళ్ల లోపు పిల్లలకు స్క్రీన్ వద్దనీ, రెండు నుంచి నాలుగేళ్ల వాళ్లకు రోజుకు గంట మించకూడదనీ, అంతకంటే తగ్గితే ఇంకా మేలనీ 2019లో ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పింది. మన దేశంలో పిల్లల డాక్టర్ల సంఘం ఇండియన్ అకాడమీ ఆఫ్ పీడియాట్రిక్స్ కూడా దాదాపు ఇదే మాట అంది. ఐదేళ్ల దాకా ఆ గంట కూడా పెద్దవాళ్లు పక్కన కూర్చుంటేనే అని గట్టిగా చెప్పింది. ఆ గంటలో టీవీ కూడా కలిసే ఉంటుందని చాలామందికి తట్టదు. నాయనమ్మ సీరియల్ చూస్తున్నంతసేపూ ఒళ్లో కూర్చున్న మనవడి గంట అక్కడే అయిపోతుంది.

అయితే మిమ్మల్ని గడియారం పట్టుకుని కూర్చోమనను. ఫోన్ ఏ వేళకు పిల్లల చేతికి వెళ్తోందో చూడండి, చాలు. మా టీచర్లు గమనించినంతలో అన్నం వేళ, నిద్ర వేళ, ఈ రెండూ సర్దుకుంటే సగం గొడవ తీరినట్టే. ముందుగా అన్నం సంగతి.

మొన్న లంచ్ బెల్ అయ్యాక ఎల్‌కేజీ గదిలోకి వెళ్లాను. ఒక బాబు డబ్బా మూత తీసి, దాన్ని వాటర్ బాటిల్‌కు ఆనించి, పడిపోకుండా రెండుసార్లు సర్ది నిలబెట్టాడు. తర్వాత ఆ మూత వంకే చూస్తూ నోరు తెరుచుకుని కూర్చున్నాడు. పప్పన్నం ఎదురుగానే ఉంది, చెయ్యి మాత్రం డబ్బాలోకి పోలేదు. ఆయమ్మ వచ్చి "ఏం నాన్నా, తినవా?" అని అడిగితే మూత చూపించి "బొమ్మలు రావట్లేదు" అన్నాడు. పక్కనున్న పిల్లలు ఎవరూ నవ్వలేదు. వాళ్లకు అందులో వింతేమీ కనిపించలేదు.

బొమ్మలు చూపిస్తే నాలుగు ముద్దలు ఎక్కువ దిగుతాయంటారు. దిగుతాయి, కాదనను. పొద్దున్నే బస్సు టైముకు పరుగులు పెట్టే ఇంట్లో ఆ నాలుగు ముద్దల విలువ నాకు తెలుసు. కానీ కళ్లూ చెవులూ తెర మీదుంటే కడుపు నిండిందో లేదో బిడ్డకు తెలియదు. కొందరు అవసరానికి మించి తింటారు, కొందరు నమలకుండా బుగ్గన పెట్టుకుని అలాగే ఉండిపోతారు. ఆకలినీ, కడుపు నిండడాన్నీ గమనించుకోవడం కూడా అలవాటుతో నిలిచేదే. ఆ అలవాటు పడాల్సిన వయసు ఇదే.

దానికంటే పెద్ద నష్టం మాటల్లో. "ఇది తాతయ్య ముద్ద, ఇది కాకి ముద్ద" అని పెట్టేటప్పుడు అమ్మ ఒక మాట అంటుంది, బిడ్డ ఒక కూత కూస్తుంది, దానికి అమ్మ ఇంకో మాట కలుపుతుంది. మాటలు వచ్చేది అలా అటూ ఇటూ నడిచే కబుర్లతోనే. వీడియోలో బొమ్మ ఎంత ముద్దుగా మాట్లాడినా బిడ్డ జవాబు కోసం ఆగదు, జవాబు విని మాట మార్చదు. అందుకే రెండేళ్ల లోపు పిల్లలు ఎదురుగా ఉన్న మనిషి దగ్గర నేర్చుకున్నంత తెర మీద నుంచి నేర్చుకోలేరు. మాటలు ఆలస్యమైన ప్రతి బిడ్డ విషయంలోనూ తప్పు ఫోన్‌దే అని మాత్రం అనుకోకండి. వినికిడి లోపం కావచ్చు, ఇంకేదైనా కావచ్చు. రెండేళ్లు నిండినా రెండు మాటలు కలిపి పలకని బిడ్డను, "వాళ్ల నాన్నకూ మాటలు లేటే" అని సర్దిచెప్పుకోకుండా డాక్టరుకు చూపించండి.

ఇక్కడ తాతయ్యలకు ఒక మాట. "అక్షరాలు రాకపోయినా ఫోన్‌లో మైకు నొక్కి వీడియోలు వాడే వెతుక్కుంటాడమ్మా, అంత తెలివి" అని మురిసిపోతూ నాతో చెప్తారు. వాడు తెలివైనవాడే, నాకూ తెలుసు. కానీ చదవడం రాని పిల్లలు కూడా సులువుగా నడపగలిగేలా ఆ వీడియోల యాప్ తయారు చేశారు. ఒక వీడియో అయిపోతే ఇంకోటి దానంతటదే మొదలవుతుంది. ఆ తెలివి తయారుచేసినవాళ్లది. మన వాడి తెలివి చూడాలంటే కరివేపాకు రెబ్బలిచ్చి ఆకు దూయమనండి, చిక్కుడుకాయలిచ్చి ఈనెలు తీయమనండి. పెన్సిల్ పట్టాల్సిన వేళ్లకు బలం ఆ పనుల్లోంచి వస్తుంది. అద్దం మీద ఒక్క వేలు జరిపితే రాదు.

నిద్ర సంగతి క్లుప్తంగా చెప్తాను. మూడు, నాలుగేళ్ల పిల్లలకు పగటి కునుకుతో కలిపి రోజుకు 10 నుంచి 13 గంటల నిద్ర కావాలి. పొద్దున ఏడింటికి లేపాలంటే రాత్రి తొమ్మిదికల్లా పడుకోబెట్టాలి. "ఒక్కటే, లాస్ట్" అంటూ మొదలైన షార్ట్స్ పదిన్నరకు కూడా ముగియవు. మొదటి పీరియడ్‌లో బెంచీ మీద తల వాల్చేసే పిల్లలెవరో మాకు చూడగానే తెలుస్తుంది. పడుకునే గదిలోకి ఫోన్ రాకపోతే మంచిది. ఛార్జింగ్ హాల్లో పెట్టుకోండి, మనవి కూడా.

కళ్ల గురించి అందరూ అడుగుతున్నారు. దగ్గరగా చూసే పని ఎక్కువై, ఆరుబయట వెలుతురులో గడిపే సమయం తగ్గితే కనుగుడ్డు పొడవుగా పెరిగి దూరం చూపు మందగిస్తుంది. తైవాన్‌లో 2010 నుంచి బడి పిల్లలను రోజుకు 120 నిమిషాలు ఆరుబయట ఉంచే కార్యక్రమం నడుపుతున్నది ఇందుకే. మన బెజవాడ ఎండలకు అది కుదురుతుందా అంటే, చెట్టు నీడ కూడా చాలు. ఆ నీడలో ఉండే వెలుతురు గదిలో లైటు కంటే ఎన్నో రెట్లు ఎక్కువ. చిన్న తరగతుల ఆటల పీరియడ్‌ను సెలవుల తర్వాత పొద్దున మొదటి గంటకు మారుస్తున్నాం. బోర్డు కనిపించట్లేదని ఈ వయసు పిల్లలు నోరు తెరిచి చెప్పరు. టీవీకి దగ్గరగా వెళ్లి నిలబడుతున్నా, కళ్లు చికిలించి చూస్తున్నా తాడిగడప ఎల్వీ ప్రసాద్ ఆసుపత్రికో, మీకు దగ్గర్లో ఉన్న కంటి డాక్టరు దగ్గరికో తీసుకెళ్లండి.

"హోంవర్క్ మీరే వాట్సాప్ గ్రూపులో పెడుతుంటే ఫోన్ ఎలా దాచమంటారు?" అని ఒక అమ్మ అడిగారు. న్యాయమైన ప్రశ్న. సెలవుల తర్వాత రెండో తరగతి దాకా హోంవర్క్ డైరీలోనే రాసి పంపుతాం, రైమ్స్ లింకులు పంపం. గ్రూపు సెలవు కబుర్లకూ వ్యాన్ కబుర్లకూ ఉంటుంది. కరోనా రోజుల్లో ఆన్‌లైన్ క్లాసులు పెట్టారు కదా అని ఇంకొకరు గుర్తుచేశారు. 2020 జూలైలో కేంద్రం ప్రజ్ఞత పేరుతో ఇచ్చిన మార్గదర్శకాల్లో ప్రీ ప్రైమరీకి రోజుకు 30 నిమిషాలు మించొద్దని ఉంది, అదీ తల్లిదండ్రులతో మాట్లాడటానికి.

అమెరికాలో ఉన్న పెద్దమ్మతో, బాబాయితో వీడియో కాల్ మాట్లాడించడం మానొద్దు. అవతల మనిషి ఉన్నారు, జవాబిస్తారు. డాక్టర్లు కూడా దాన్ని వేరుగానే చూస్తారు.

మాన్పించడం మొదలుపెట్టిన వారం ఇల్లు దద్దరిల్లుతుంది. ఏడుపు, అలక, పళ్లెం నెట్టేయడం అన్నీ జరుగుతాయి. ఒక పూట తక్కువ తింటే కంగారు పడకండి, ఆకలేస్తే వాళ్లే అడుగుతారు. నాన్న వద్దన్నదాన్ని అమ్మమ్మ చాటుగా ఇస్తే మాత్రం ఆ ఏడుపు నెల సాగుతుంది. ఇంట్లో పెద్దలంతా ముందే ఒక మాట మీదికి రండి. నాలుగైదేళ్ల వాళ్లకైతే ముందురోజే చెప్పండి: రేపటి నుంచి అన్నం దగ్గర ఫోన్ ఉండదు, నాకూ ఉండదు.

సెలవుల్లో కొండ మీదికి దర్శనానికి వెళ్లినప్పుడు క్యూలో విసుగొస్తే ఫోన్ తీయకుండా కథ చెప్పండి. వర్షాలు బాగుండి నీళ్లు వదిలితే ఒక సాయంత్రం ప్రకాశం బ్యారేజీకి తీసుకెళ్లండి. 70 గేట్లున్నాయి, వందలోపు అంకెలు నేర్చుకుంటున్న ఒకటో తరగతి వాళ్లకు సరిపోతాయి. మధ్యలో లెక్క తప్పితే మళ్లీ మొదటి నుంచి.

బడి తెరిచాక మొదటి శనివారం ఉదయం 10 గంటలకు ఈ విషయం మీదే సమావేశం. మధ్యాహ్నాలు పిల్లల్ని చూసుకునేది అమ్మమ్మ, తాతయ్యలైతే వాళ్లనే పంపండి. మోకాళ్ల నొప్పులవాళ్లకు మెట్లెక్కే పని లేకుండా కింది హాల్లోనే కుర్చీలు వేయిస్తున్నాం.

ఇట్లు
ప్రధానోపాధ్యాయురాలు
విజయవాడ