గ్రూపులో కనిపించినదల్లా నోటీసు కాదు

తల్లిదండ్రులకు నమస్కారం.

పరీక్షల సంగతి తర్వాత, ముందు ఒక చిన్న గందరగోళం గురించి చెప్పాలి. "రేపు బడికి సెలవు" అంటూ ఈ మధ్య తరగతి వాట్సాప్ గ్రూపుల్లో ఒక ఫోటో తిరిగింది. మన బడి ముద్ర ఉంది, సంతకం ఉంది, రెండూ అసలువే. కాకపోతే అది పోయినేడాది నోటీసు. ఎవరో స్క్రీన్‌షాట్ తీసినప్పుడు పైన తేదీ ఉన్న ముక్క తెగిపోయింది. ఫార్వర్డ్ అయిన సందేశం కింద కనిపించేది అది మనకు చేరిన టైమే తప్ప, మొదట ఎప్పుడు రాశారన్నది కాదు. ఎవరూ అబద్ధం ఆడలేదు, అయినా మరునాడు సగం తరగతి ఖాళీ.

వాట్సాప్‌ వాళ్లకు ఈ బాధ ఎప్పుడో తెలుసు. 2019లో ప్రపంచమంతటా ఒక సందేశాన్ని ఒకేసారి ఐదు చాట్‌లకు మించి ఫార్వర్డ్ చేయకుండా కట్టడి పెట్టారు. చాలా చేతులు మారి వచ్చిన సందేశానికి రెండు బాణాల గుర్తు కనిపిస్తుంది. అలాంటిదాన్ని 2020 ఏప్రిల్ నుంచి ఒకసారికి ఒక చాట్‌కే పంపనిస్తున్నారు. ఇది వేగం తగ్గిస్తుందే గానీ నిజానిజాలు తేల్చదు. అందుకే ఇకమీదట మన టీచర్లు నోటీసు దేన్నీ ఫార్వర్డ్ చేయరు, నేరుగా గ్రూపులోనే రాస్తారు. బాణం గుర్తుతో వచ్చినది మా దగ్గర్నుంచి వచ్చినట్టు కాదు.

అసలు చిక్కు ఎక్కడుందంటే, మాట్లాడుకునే చోటే అన్నీ దాచుకోవాలని చూస్తున్నాం. సాయంత్రం టైంటేబుల్ పెడతాం. దాని కింద వరసగా "థాంక్యూ మేడం"లు, నమస్కారాలు, పొద్దున్నే పువ్వులు. (పువ్వుల మీద నాకు కోపమేమీ లేదు.) రాత్రికి "టైంటేబుల్ ఎవరైనా మళ్లీ పెట్టండి ప్లీజ్" అని ఒకరు అడుగుతారు. ఇంకొకరు పాపం సాయం చేద్దామని తమ ఫోన్‌లో ఉన్న కాపీ పంపుతారు. మధ్యలో మేం లెక్కల పరీక్ష తేదీ మార్చామన్న సంగతి ఆ కాపీకి తెలియదు.

కాబట్టి ఈ నెల నుంచి నోటీసులు, టైంటేబుళ్లు, సిలబస్ అన్నీ గూగుల్ డ్రైవ్‌లో (ఇంటర్నెట్‌లో ఫైళ్లు దాచుకునే చోటు) ఒకే ఫోల్డర్‌లో ఉంటాయి. గ్రూపులో లింకు మాత్రమే పెడతాం. ఫైలు ఒక్కటే కాబట్టి మేం మారిస్తే, తర్వాత లింకు తెరిచిన అందరికీ మారినదే కనిపిస్తుంది. దయచేసి డౌన్‌లోడ్ చేసుకుని ఇతరులకు పంపకండి, లింకే పంపండి. నోటీసులను ఫోటో తీసి కాకుండా టైపు చేసి పెట్టమని ఆఫీసుకు చెప్పాను. అప్పుడు వెతికితే దొరుకుతాయి, చూపు సరిగా లేనివారికి ఫోన్ చదివి వినిపిస్తుంది కూడా.

ఫైళ్ల పేర్లు మీకు వింతగా అనిపించవచ్చు: ముందు ఏడాది, తర్వాత నెల, ఆ తర్వాత రోజు. తేదీని అలా రాయాలన్నది 1988లో వచ్చిన ఐఎస్ఓ 8601 అనే అంతర్జాతీయ ప్రమాణం. దీనివల్ల ఫైళ్లు వాటంతటవే తేదీల వరసలో కూర్చుంటాయి. "ఫైనల్", "కొత్త ఫైనల్", "ఇదే ఫైనల్" అనే పేర్లతో మా ఆఫీసు కంప్యూటర్ పడిన అవస్థ చాలు.

ఫోల్డర్‌ను మీరు చూడగలరు, మార్చలేరు. వార్షికోత్సవ వాలంటీర్ల పట్టిక మాత్రం అందరూ రాయగలిగేలా ఉంచాం. అందులో ఒకరు పేర్ల వరుసను మాత్రమే అక్షర క్రమంలోకి మార్చారు. ఫోన్ నంబర్లు ఉన్నచోటే ఉండిపోయాయి. ఒకరి పేరు పక్కన ఇంకొకరి నంబరు! పాత వెర్షన్లు చూసే సౌకర్యం ఉండబట్టి పొద్దుటి పట్టికను వెనక్కి తెచ్చుకోగలిగాం. అదే పట్టిక ఫోటోగానో కాగితంగానో ఉంటే ఆ అవకాశం లేదు.

ఇక పిల్లల ఫోటోలు. "లింకు ఉన్న ఎవరైనా" చూడవచ్చన్న సెట్టింగ్ పెడితే, ఆ లింకు ఎవరి చేతికి చిక్కితే వారు చూడగలరు. అందుకని ఫోటోల ఫోల్డర్ మీరు ఇచ్చిన ఈమెయిల్ చిరునామాలకే తెరుచుకుంటుంది. ఫోన్‌తో తీసిన ఫోటోలో అది ఎక్కడ తీశారన్న వివరం దాగి ఉండవచ్చు, డాక్యుమెంటుగా పంపితే ఆ వివరమూ వెంట వెళ్లవచ్చు. మీ పిల్లల ఫోటో మీ ఇష్టం. పక్కన ఉన్న పిల్లల మాటేమిటి? పేరు, తరగతి కలిపి మాత్రం ఎక్కడా పెట్టకండి. "అందరికీ డిలీట్" నొక్కినా, ఈలోగా ఎవరైనా స్క్రీన్‌షాట్ తీసి ఉంటే అది పోదు. మార్కుల జాబితాలు గ్రూపులోకి ఎప్పటికీ రావు, అడగకండి.

స్మార్ట్‌ఫోన్ లేని ఇళ్లున్నాయి. గేటు దగ్గరి నోటీసు బోర్డు, డైరీలో చీటీ ఎప్పటిలాగే ఉంటాయి.

ఈమెయిల్ చిరునామాను డైరీలో రాసి ఈ శుక్రవారంలోగా క్లాస్ టీచర్‌కు పంపండి. సోమవారం నుంచి తరగతి గ్రూపుల్లో టీచర్లు మాత్రమే రాయగలరు. సందేహాలుంటే టీచర్‌కు విడిగా మెసేజ్ పెట్టండి, సాయంత్రం బడి అయ్యాక జవాబిస్తారు. మీలో మీరు మాట్లాడుకోవడానికి వేరే గ్రూపు పెట్టుకుంటామంటే మాకు అభ్యంతరం లేదు. దానికి అడ్మిన్‌గా ఉండే ఓపిక ఎవరికుందో మీరే తేల్చుకోండి.

ఇట్లు,
ప్రధానోపాధ్యాయురాలు