మూడు రూపాయల ముప్పావలా వడ్డీ తగ్గించమని ఎవరిని అడగాలి?

సంపాదకులకు నమస్కారం.

మీ బిజినెస్ పేజీలో క్రెడిట్ కార్డుల గురించి తరచూ ఏదో ఒకటి వస్తూనే ఉంటుంది. ఏ కార్డుకు ఎయిర్‌పోర్టు లాంజ్ ఫ్రీ, ఏ కార్డుతో పెట్రోలు కొట్టిస్తే ఎన్ని పాయింట్లు, పండగకి ఏ కార్డు మీద ఎంత తగ్గింపు అని. తెనాలిలో బ్లౌజులు కుట్టుకునే నాకు లాంజ్‌తో పనిలేదు. నాకు కావలసిన సంగతి మాత్రం ఎక్కడా కనబడలేదు. కార్డు మీద బాకీ పడ్డాక ఆ వడ్డీ కాస్త తగ్గించమని బ్యాంకును అడగొచ్చా? ఎవరిని అడగాలి? వాళ్లు ఏ లెక్కన ఒప్పుకుంటారు, ఏ లెక్కన కాదంటారు? ఈమధ్య నేను అడిగి చూశాను. అందుకే ఈ ఉత్తరం.

ముందు వడ్డీ ఎంతో చూద్దాం. నా కార్డు బిల్లు చివరి పేజీలో, కళ్లజోడు పెట్టుకున్నా కనబడనంత చిన్న అక్షరాల్లో నెలకు 3.75 శాతం అని ఉంటుంది. చాలా కార్డులకు కాస్త అటూ ఇటూగా ఇంతే. నెలకు అన్న మాట చూసుకోక, ఇంటి లోను ఎనిమిదిన్నర కదా, ఇది అందులో సగం కూడా లేదే అనుకునేవాళ్లను నేను చూశాను. మనూళ్ల లెక్కలో చెబితే ఇది నూటికి నెలకు మూడు రూపాయల ముప్పావలా. ఏడాదికి 45 శాతం. ఆ వడ్డీ మీద మళ్లీ 18 శాతం జీఎస్టీ. రెండూ కలిపితే నాలుగు రూపాయల నలభై పైసలు దాటుతుంది.

మా వైపు రెండు రూపాయలకు అప్పిచ్చేవాళ్లను ఫర్వాలేదంటారు. మూడు రూపాయలంటే ముఖం చిట్లిస్తారు. ఐదు దాటితే కాల్‌మనీ, అంటే అధిక వడ్డీకి అప్పిచ్చి బెదిరించి వసూలు చేసే దందా, అని భయపడతారు. 2015 డిసెంబరులో విజయవాడ కాల్‌మనీ వ్యవహారం బయటపడ్డప్పుడు రాష్ట్రమంతా ఎంత గొడవైందో అందరికీ గుర్తే. అక్కడ జరిగిన దౌర్జన్యాలను బ్యాంకులకు అంటగట్టడం నా ఉద్దేశం కాదు. వడ్డీ సంగతి వరకే అడుగుతున్నాను. నాలుగున్నర రూపాయలకు దగ్గరగా పడే వడ్డీని ఎస్సెమ్మెస్‌లో అడిగితే మనకు ఎందుకు కోపం రావడం లేదు?

నేను చాలా ఏళ్లుగా మా ఊరి డ్వాక్రా గ్రూపులో ఉన్నాను. లెక్కల పుస్తకం నా దగ్గరే ఉంటుంది. పల్లెల్లోని గ్రూపులకు బ్యాంకులు 3 లక్షల దాకా ఏడాదికి 7 శాతం వడ్డీకే ఇస్తాయి. అంటే నూటికి నెలకు అరవై పైసల లోపు. గ్రూపులో కూర్చుని సంతకం పెడితే అరవై పైసలు, ఒక్కదాన్నే కార్డు గీకితే నాలుగు రూపాయల నలభై పైసలు. రెండు చోట్లా కట్టేది నేనే, వాయిదా తప్పనిదీ నేనే. పూచీ లేని అప్పుకు వడ్డీ కొంచెం ఎక్కువే ఉంటుందని ఒప్పుకుంటాను, ఎగ్గొట్టేవాళ్ల భారం కూడా బ్యాంకు చూసుకోవాలి కదా. కానీ తేడా ఏడు రెట్లా?

ఇక నా బాకీ. షాపుకు రెండు పవర్ మిషన్లు, ఒక ఓవర్‌లాక్ మిషన్ కొన్నాను. గ్రూపు లోను అప్పటికే నడుస్తోంది, అది తీరితేగాని కొత్తది రాదు. గాజులు పెద్దమ్మాయి కాలేజీ ఫీజు కోసం అప్పటికే బ్యాంకులో ఉన్నాయి. అందుకని కార్డు మీద తీసుకున్నాను. పెళ్లిళ్ల సీజన్‌లో వర్కు బ్లౌజుల డబ్బు రాగానే తీర్చేయొచ్చని లెక్క. ఈలోగా మూఢం వచ్చింది. ముహూర్తాలు లేకపోతే మాకు పని ఉండదు. ఫాల్స్ కుట్టి, పికో చేసి షాపు అద్దె కట్టుకుంటాం, అంతే. దాంతో కార్డు బిల్లులో కనీస మొత్తం మాత్రం కడుతూ వచ్చాను. ఒక్క నెల కూడా గడువు దాటనివ్వలేదు.

ఆ కనీస మొత్తం లెక్క ఒకసారి చూడండి. బాకీ 80,000 అనుకుందాం. నెల వడ్డీ 3,000, జీఎస్టీ 540. బిల్లు 83,540 అవుతుంది. మా బ్యాంకు అందులో 5 శాతం కనీస మొత్తం అంటుంది, అంటే 4,177 రూపాయలు. అది కట్టేశాక మిగిలే బాకీ 79,363. నాలుగు వేల పైచిలుకు కడితే అసలు తగ్గింది 637 రూపాయలు! ఇలాగే కనీస మొత్తం కట్టుకుంటూ పోతే బాకీ సగానికి దిగడానికే ఏడేళ్లు దాటుతుంది. పైగా పాత బాకీ ఉన్నంతకాలం కొత్తగా కొన్నదానికి గడువు రోజులు కూడా ఉండవు. దారపు రీళ్లు కొన్నా ఆ రోజు నుంచే వడ్డీ మొదలు.

అదే వడ్డీ నెలకు రెండుంపావు రూపాయలకు తగ్గించారనుకోండి. వడ్డీ, జీఎస్టీ కలిపి 2,124 అవుతుంది. నేను అదే 4,177 కడితే అసలు 2,053 తగ్గుతుంది. రూపాయిన్నర తగ్గింపుతో అసలు మూడు రెట్లకు పైగా కరుగుతుంది. నేను బ్యాంకును మాఫీ అడగలేదు. ఈ రూపాయిన్నర అడిగాను.

కస్టమర్ కేర్‌కు ఫోన్ చేస్తే తెలుగులో మాట్లాడే అమ్మాయే దొరికింది, మర్యాదగానే మాట్లాడింది. వడ్డీ తగ్గించమన్నాను. "మేడమ్, సిస్టమ్‌లో ఆ ఆప్షన్ లేదు" అంది. మరి ఎవరిని అడగాలమ్మా అంటే మళ్లీ అదే మాట. అంతటితో ఆగలేదు. నా పేమెంట్ రికార్డు చాలా బాగుంది కాబట్టి లిమిట్ పెంచుకోవచ్చని, నేను ఊ అంటే అప్పుడే పెంచేస్తానని చెప్పింది. నా రికార్డు చూసి ఇంకా అప్పివ్వడానికి ఆప్షన్ ఉందట, ఉన్న అప్పు మీద వడ్డీ తగ్గించడానికి లేదట. ఆ అమ్మాయిని అనుకుని లాభం లేదు. ఆమె ముందున్న స్క్రీన్ మీద ఏముంటే అదే చెబుతుంది.

తర్వాత మా మరిది కొడుకు నెట్‌లో వెతికి రిజర్వ్ బ్యాంకు 2022 ఏప్రిల్‌లో కార్డుల మీద ఇచ్చిన ఆదేశాలు చదివి చెప్పాడు. కార్డు వడ్డీ బ్యాంకుకు అయ్యే ఖర్చుకు, న్యాయంగా రావలసిన రాబడికి తగ్గట్టు ఉండాలట. ప్రతి బ్యాంకూ తనకు తాను ఒక గరిష్ఠ రేటు పెట్టుకోవాలట. కట్టిన తీరును బట్టి మనిషికో రేటు వేస్తుంటే అది దాపరికం లేకుండా చెప్పాలట. నాకు కావలసిన వాక్యం ఇదే. గడువు తప్పినవాళ్లకు రేటు ఎక్కువ వేసే వీలు ఉన్నప్పుడు, తప్పనివాళ్లకు తక్కువ వేసే వీలు కూడా ఉన్నట్టే కదా. నేను సక్రమంగా కట్టినందుకు నాకు ఎంత తగ్గించారు? ఇదే మాట తెలుగులో రాసి, మా మరిది కొడుకుతో ఇంగ్లీషు చేయించి, బ్యాంకు ఫిర్యాదుల అధికారికి మెయిల్ పెట్టాను.

జవాబు వచ్చింది. వడ్డీ రేటు గురించి అందులో ఒక్క ముక్క లేదు. బాకీ మొత్తాన్ని ఈఎంఐగా మార్చుకోవచ్చని, ఏడాదికి 18 శాతం వడ్డీ, 24 నెలలు అని ఉంది. 80,000కు లెక్క కడితే నెలకు 3,994. వడ్డీ మీద జీఎస్టీ కలుపుకుంటే మొదటి నెల 4,210. ప్రాసెసింగ్ ఫీజు వేరే. నేను అప్పటిదాకా కడుతున్న కనీస మొత్తానికీ దీనికీ ముప్పై రూపాయల తేడా! బాకీతోపాటు తగ్గే కనీస మొత్తమే కట్టుకుంటూ పోతే ఏడేళ్లకు సగం, నెలనెలా ఈ వాయిదా కడితే రెండేళ్లకు మొత్తం. వెంటనే ఒప్పుకున్నాను. 45 వేసిన బ్యాంకే అదే మనిషికి, అదే బాకీకి 18 వేయగలిగినప్పుడు, ఫోన్‌లో మొదటి రోజే ఆ మాట ఎందుకు చెప్పలేదన్నది నా ప్రశ్న.

ఇది నా ఒక్కదాని గొడవైతే ఉత్తరం రాయక్కర్లేదు. కార్డు బాకీల మీద ఏడాదికి 30 శాతానికి మించి వడ్డీ వేయడం అన్యాయమైన వ్యాపార పద్ధతి అని జాతీయ వినియోగదారుల కమిషన్ 2008లో చెప్పింది. సుప్రీంకోర్టు 2024 డిసెంబరు 20న ఆ తీర్పును కొట్టేసింది. కోర్టు తీర్పు మీద నేను వ్యాఖ్యానించను. దాని ఫలితం మాత్రం ఏమిటంటే, బయటి నుంచి హద్దు పెట్టేవాళ్లు లేరు. బ్యాంకు జవాబు ఇవ్వకపోతే 30 రోజుల తర్వాత రిజర్వ్ బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు ఫిర్యాదు చేసుకోవచ్చు, అది ఉచితమే. కానీ బ్యాంకు వ్యాపార నిర్ణయం మీద అక్కడ ఫిర్యాదు తీసుకోరు. రేటు ఎంతన్నది వ్యాపార నిర్ణయం కిందికే వస్తుంది. ఇక మిగిలింది బ్యాంకునే అడుక్కోవడం. దానికైనా ఒక పద్ధతి ఉండాలి కదా.

ఇంకొకటి చెప్పాలి, కొందరికి నచ్చకపోయినా. నెలల తరబడి కట్టడం మానేసినవాళ్లకు బ్యాంకులే ఫోన్ చేసి సెటిల్‌మెంట్ అంటాయి. సగానికి సగం వదులుకున్న సందర్భాలు మా బజారులోనే ఉన్నాయి. వాళ్ల సిబిల్ రిపోర్టులో 'సెటిల్డ్' అని పడుతుంది, తర్వాత లోను పుట్టడం కష్టమవుతుంది, నిజమే. అయినా మానేసినవాడితో బేరానికి కూర్చునే బ్యాంకు, గడువులోపల కట్టేవాళ్లు నోరు తెరిచి అడిగితే సిస్టమ్‌లో ఆప్షన్ లేదనడం ఏం న్యాయం? ఇలా అయితే జనానికి నేర్పుతున్నది ఏమిటి?

మా పిన్ని కూతురు డాలస్‌లో ఉంటుంది. అక్కడ కార్డు కంపెనీకి ఫోన్ చేసి రేటు తగ్గించమని అడగడం మామూలేనట. ఒక్కోసారి తగ్గిస్తారు, ఒక్కోసారి లేదంటారు. అంతకంటే నాకు నచ్చింది వాళ్ల బిల్లు. 2009లో అక్కడ తెచ్చిన చట్టం ప్రకారం, కనీస మొత్తమే కడితే బాకీ తీరడానికి ఎన్నేళ్లు పడుతుందో, మొత్తం ఎంత కట్టాల్సి వస్తుందో, మూడేళ్లలో తీర్చాలంటే నెలకు ఎంత కట్టాలో బిల్లు మీదే అంకెలతో వేయాలి. మన బిల్లుల మీద కూడా రిజర్వ్ బ్యాంకు చెప్పిన హెచ్చరిక ఉంటుంది. కనీస మొత్తమే కడితే తీరడానికి నెలలు, ఏళ్లు పడుతుందని. ఎన్ని నెలలు, ఎన్నేళ్లు? నా బాకీ ఎంతో, నా వడ్డీ ఎంతో, జీఎస్టీ ఎంతో పైసలతో సహా లెక్కేసే కంప్యూటర్‌కు ఆ ఒక్క అంకె వేయడం కష్టమా?

కార్డు షరతులు వీలైతే స్థానిక భాషలో కూడా ఉండాలని అదే ఆదేశాల్లో ఉంది. ఆ 'వీలైతే' దగ్గరే అందరూ ఆగిపోయారు. మా షాపులో చేతిపని చేసే ఇద్దరమ్మాయిలకు కార్డులు ఉన్నాయి. ఇద్దరూ తెలుగు మీడియమే. కార్డు ఇచ్చేటప్పుడు ఫోన్‌లో తెలుగులోనే ఒప్పించారు, బిల్లు మాత్రం ఇంగ్లీషులో వస్తుంది.

రిజర్వ్ బ్యాంకు వాళ్లకు మీ పత్రిక ద్వారా నేను విన్నవించేది పెద్ద విషయమేమీ కాదు. కార్డు ఉన్న మనిషి వడ్డీ తగ్గించమని రాతపూర్వకంగా అడిగితే, బ్యాంకు ఇన్ని రోజుల్లో అవుననో కాదనో కారణంతో సహా రాతపూర్వకంగా చెప్పాలి. ఈఎంఐ లాంటి తక్కువ వడ్డీ దారి ఏదైనా ఉంటే వరుసగా కనీస మొత్తం కడుతున్నవాళ్లకు బ్యాంకే ముందుగా చెప్పాలి. ఏళ్ల లెక్క బిల్లు మొదటి పేజీలో, తెలుగులో ఉండాలి. కార్డు రద్దు చేయమని అడిగితే బాకీ లేనప్పుడు ఏడు పని దినాల్లో చేయాలని, ఆలస్యమైతే రోజుకు 500 రూపాయలు మనకు ఇవ్వాలని రిజర్వ్ బ్యాంకే 2022లో పెట్టింది. రద్దుకు గడువు పెట్టగలిగినవాళ్లు ఈ జవాబుకు కూడా పెట్టగలరు.

మీకూ ఒక విన్నపం. ఆదివారం పేజీలో లాంజ్‌ల పట్టిక బదులు ఒక్కసారి ఏ బ్యాంకు కార్డుకు నెలకు ఎంత వడ్డీ, బాకీని ఈఎంఐగా మారిస్తే ఎంత, ఫిర్యాదుల మెయిల్ ఏది అన్న పట్టిక వేయండి. వడ్డీని శాతాల్లో కాకుండా నూటికి ఇన్ని రూపాయలని వేస్తే మా గ్రూపులో అక్షరం రానివాళ్లు కూడా లెక్క చెప్పేస్తారు. బ్యాంకుల వాళ్లెవరైనా ఈ ఉత్తరం చదివి నా లెక్కలో తప్పుందనుకుంటే, ఇదే పేజీలో జవాబు రాయమనండి. తెలుగులో.

ఇట్లు,
టైలరింగ్ షాపు నడుపుకునే ఒక పాఠకురాలు,
కొల్లిపర, గుంటూరు జిల్లా