స్కాన్ రిపోర్టులో ఆ చివరి నాలుగు లైన్లు తెలుగులో కూడా ఇవ్వండి

సంపాదకులకు నమస్కారం.

మొన్న మా పక్కింటి పిన్నిగారు అల్ట్రాసౌండ్ రిపోర్టు పట్టుకుని మా ఇంటికి వచ్చారు. అందులో ‘ప్యాంక్రియాస్ అబ్‌స్క్యూర్డ్ బై బవెల్ గ్యాస్’ అని ఉంది. ప్యాంక్రియాస్‌కి, అంటే క్లోమగ్రంథికి, ఏదో అయిపోయిందని ఆవిడ రెండు రాత్రులు నిద్రపోలేదు. పేగుల్లో గాలి అడ్డొచ్చి ఆ భాగం సరిగ్గా కనపడలేదని మాత్రమే దానర్థం. అల్ట్రాసౌండ్ గాలిని దాటి లోపలికి చూడలేదు కాబట్టి చాలామంది రిపోర్టుల్లో ఈ మాట ఉంటుంది. కాగితం చేతికిచ్చేటప్పుడే ఎవరైనా ఇది చెప్పి ఉంటే సరిపోయేది.

నాకు ఈ సంగతులు తెలిసింది మా అత్తయ్య వల్ల. నిరుడు ఆవిడకి బొడ్డుకి కుడిపక్క కింద నొప్పి, సాయంత్రం అయ్యేసరికి ఒళ్లు వెచ్చబడటం, జాకెట్లన్నీ వదులైపోయేంతగా చిక్కిపోవడం. డాక్టరుగారు పేగులకి సీటీ స్కాన్ రాశారు. స్కాన్‌కి ముందు లీటరు పైగా ద్రవం బాటిళ్లలో ఇచ్చి గంటలోపు తాగమన్నారు. వాంతి వస్తోందని అత్తయ్య సగం తాగి, మిగతాది వాష్‌బేసిన్‌లో పారబోసింది. ఎందుకు తాగమంటున్నారో ఆవిడకి ఎవరూ చెప్పలేదు, పారబోసిన సంగతి ఆవిడా ఎవరికీ చెప్పలేదు.

శనివారం రాత్రి ఎనిమిదింటికి రిపోర్టు ఇచ్చారు. ఆ సెంటర్ మెట్ల మీదే నిలబడి మావారు పెద్ద కవరు విప్పి చివర ‘ఇంప్రెషన్’ అన్నచోట చదివారు. చిన్నపేగు చివర, పెద్దపేగు మొదలయ్యేచోట గోడ మందంగా ఉంది, పక్కన లింఫ్ గ్రంథులు పెరిగాయి, ఇన్‌ఫెక్టివ్ ఆర్ ఇన్‌ఫ్లమేటరీ, రూల్ అవుట్ నియోప్లాసమ్, సజెస్ట్ కొలనోస్కోపీ (మలద్వారం నుంచి కెమెరా గొట్టం పంపి పెద్దపేగు లోపల చూసే పరీక్ష). ‘నియోప్లాసమ్’ అని ఫోన్‌లో కొట్టి చూస్తే క్యాన్సర్ అని వచ్చింది. ఇక అంతే. డాక్టరుగారు మంగళవారం గానీ రారు. ఆదివారం పొద్దున అత్తయ్య చేతిగాజులు రెండూ తీసి మా ఆడపడుచు చేతిలో పెట్టి, పిల్ల పెళ్లికి ఉంచమంది. ఆ గాజులు ఊడటానికి సబ్బు కూడా అక్కర్లేకపోయింది, చెయ్యి అంత సన్నబడిపోయింది.

మంగళవారం డాక్టరుగారు ఫిల్మ్‌ని లైటు డబ్బా మీద పెట్టి పదినిమిషాలు మాట్లాడారు. ‘రూల్ అవుట్’ అంటే ఉందని కాదమ్మా, లేదని తేల్చుకోమని అర్థం అన్నారు. ఆ రెండు మాటల్ని ఇంట్లో చదువుకున్నవాళ్లం నలుగురమూ తిరగేసి అర్థం చేసుకున్నాం. స్కాన్‌లో కనపడేది నీడ, దాని ఆకారం, మందం, అంతవరకే. జబ్బు పేరు చెప్పాలంటే లోపలికి చూసి ముక్క తీసి పరీక్షకి పంపాలి అన్నారు. మరి మందం ఎందుకు వస్తుంది అంటే, ఊదని బూర రబ్బరు మందంగా ఉంటుంది, ఊదితే పల్చబడుతుంది కదా, పేగూ అంతేనట. బాగా విచ్చుకున్న చిన్నపేగు గోడ మామూలుగా 3 మిల్లీమీటర్లు దాటదు, ముడుచుకుని ఉంటే అదే పేగు లావుగా కనపడుతుంది. అందుకే అంత ద్రవం తాగిస్తారు. పారబోసిన సంగతి అప్పుడు చెప్పింది అత్తయ్య. అయితే ఆవిడ విషయంలో ముడుచుకోవడం ఒక్కటే కాదు, జ్వరం, బరువు తగ్గడం కూడా ఉన్నాయి కాబట్టి కొలనోస్కోపీ చేసి తీరాలన్నారు. ‘క్లినికల్ కొరిలేషన్’ అని చాలా రిపోర్టుల్లో రాసేది ఇదే, మనిషిని చూసి ఆ ఫోటోతో కలిపి చదవమని.

కొలనోస్కోపీలో పుండ్లు కనపడ్డాయి. ముక్క తీసి పంపితే పేగు టీబీ అని వచ్చింది. మన దేశంలో ఆ చోట గోడ మందం కనపడితే టీబీ కావచ్చు, క్రోన్స్ (పేగు గోడ వాచి పుండ్లు పడే దీర్ఘకాలపు జబ్బు) కావచ్చు, అరుదుగా క్యాన్సర్ కావచ్చు, మొదటి రెండూ స్కాన్‌లో కవలపిల్లల్లా ఉంటాయట. ఈ పరీక్షలు కాకముందు మా బంధువు ఒకాయన పరీక్షలెందుకు, ముందు టీబీ మాత్రలు మొదలుపెట్టేయండి అన్నాడు. అలా మొదలుపెట్టి అది క్రోన్స్ అయితే అసలు వైద్యం నెలల తరబడి ఆగిపోతుంది. టీబీని క్రోన్స్ అనుకుని స్టెరాయిడ్లు ఇస్తే టీబీ ఇంకా ముదురుతుంది. వీలైనంతవరకు ముక్క పరీక్ష కాకుండా ఎవరి మాటా వినొద్దని అందుకే అంటున్నాను. మందులు ప్రభుత్వాసుపత్రిలో ఉచితంగానే ఇచ్చారు, ఆరు నెలలు వాడింది. ఇప్పుడు గాజులు మళ్లీ చేతికున్నాయి, తియ్యాలంటే సబ్బు రాయాల్సిందే.

ఇది చదివి రిపోర్టులో ఏమున్నా పర్లేదు అని ఎవరూ అనుకోవద్దు. మలంలో రక్తం, నల్లటి విరేచనం, కారణం లేకుండా బరువు తగ్గడం, రక్తం తగ్గిపోవడం, నిద్రలోంచి లేపే నొప్పి, ఇవి ఉంటే స్కాన్ మామూలుగా ఉందన్నా సరే డాక్టర్ని వదలకండి. పేగు లోపలి చిన్న పుండ్లు, లోపలి గోడ మీద పెరిగే చిన్న కండలు (పాలిప్స్) మామూలు సీటీలో కనపడకపోవచ్చు. పాత ఫిల్ములు, సీడీలు పారేయకండి, పోయినసారికీ ఈసారికీ తేడా చూడటానికి అవే ఆధారం.

స్కాన్ సెంటర్లవాళ్లని నేను అడిగేది పెద్ద కోరిక కాదు. డాక్టర్ల కోసం ఇంగ్లీషు రిపోర్టు ఎలాగూ ఉండాలి, ఉండనివ్వండి. దాని కింద ఆ చివరి నాలుగు లైన్లు తెలుగులో కూడా ఇవ్వండి. ‘ఇది జబ్బు నిర్ధారణ కాదు, ఫలానా పరీక్ష చేయించుకోవాలి, ఇన్ని రోజుల్లోపు డాక్టర్ని కలవండి’ అని ఉంటే చాలు. తాగడానికి బాటిల్ ఇచ్చేటప్పుడు ఎందుకో ఒక్క మాట చెప్పండి. శనివారం రాత్రి కాగితం ఇచ్చేటప్పుడు ఫోన్ చేస్తే మాట్లాడే మనిషి నంబరు ఒకటి కవరు మీద రాయండి.

ఇట్లు,
ఒక పాఠకురాలు, నరసరావుపేట