చెరువు సంఘం వార్షిక నివేదిక: మృగశిర నుంచి మృగశిర దాకా

పెద్దలకు, అక్కచెల్లెళ్లకు, తోటి సభ్యులకు నమస్కారం.

మన సంఘానికి సంవత్సరం ఏప్రిల్‌తో మొదలు కాదు, మృగశిర కార్తెతో మొదలవుతుంది. అందుకే ఈ నివేదిక పోయిన మృగశిర నుంచి.

మామూలు పనులు ముందు చెప్పేస్తాను. కట్ట మీద సర్కారు తుమ్మ కొట్టించాం, మళ్లీ మొలుస్తోంది. పెద్ద తూము షట్టరు బాగు చేయించాం. చెరువు నిండి రెండు రోజులు మత్తడి దుంకింది. జమాఖర్చుల కాగితం పంచాయతీ ఆఫీసు గోడకు అంటించాం. అనుమానాలుంటే కోశాధికారిని అడగండి, నన్ను కాదు.

ఈ ఏడు మనల్ని ఎక్కువ తిప్పలు పెట్టింది ఒక్క వాక్యం. నియమావళిని తిరగరాసేటప్పుడు 'చెరువు నీటిని సుస్థిరంగా వాడుకోవాలి' అని నేనే రాశాను. మీటింగులో చదవగానే చివరి ఆయకట్టు రైతు ఒకాయన లేచి, "సుస్థిరంగా అంటే ఎన్ని ఫీట్లు?" అన్నాడు. నా దగ్గర జవాబు లేదు.

ఇంటికి పోయి వెతికాను. 1987లో ఐక్యరాజ్యసమితి తరఫున బ్రంట్‌లాండ్ కమిషన్ చెప్పిన మాట అందరూ వల్లిస్తారు: ఇప్పటివాళ్ల అవసరాలు తీరాలి, రాబోయేవాళ్ల అవసరాలకు గండి పడకూడదు. 2015లో అదే ఐక్యరాజ్యసమితి 17 లక్ష్యాలు పెట్టి 2030 దాకా గడువిచ్చింది. మాటలు మంచివే. ఎవరి అవసరం ముందు, ఎంత మేరకు అన్నది మాత్రం అక్కడ దొరకదు. నీరు, భూమి, చెట్లను కాపాడడానికి 2002లో వచ్చిన వాల్టా చట్టం ఇంకాస్త దగ్గరికొస్తుంది, తాగునీటి బావుల పక్కన ఇష్టమొచ్చినట్టు బోర్లు వేయొద్దంటుంది. దాని అమలు సంగతి మీకు నేను చెప్పాలా? ఫీట్ల లెక్క మనమే తేల్చుకోవాల్సి వచ్చింది.

తూము రాయి మీద ఎక్కడ గీత గీయాలి, నీళ్లు ఆ గీతకు దిగాక తూము మూసేయాలా వద్దా అన్నదే యాసంగి ముందు మన పంచాయితీ. చేపలు పట్టేవాళ్లు ఐదు ఫీట్లు ఉంచమన్నారు, ఎండాకాలం నీళ్లు వేడెక్కితే చేప చస్తుంది కాబట్టి. జీవాలవాళ్లు మూడైనా చాలన్నారు. వరి రైతులు గీతే వద్దన్నారు. కట్ట కింద బోర్లున్నవాళ్లు నోరు మెదపలేదు. చెరువులో నీళ్లుంటే వాళ్ల బోర్లు పోస్తాయి, ఆ సంగతి ఒప్పుకుంటే చందా అడుగుతామని భయం.

కుర్రవాళ్ల మాట ఒకటి చర్చను తిప్పేసింది. "ఇంటికి నల్లా వస్తోంది, తాగడానికి చెరువెందుకు?" అన్నారు. కృష్ణా నీళ్లు వస్తున్న మాట నిజమే. మన నల్గొండ భూగర్భ జలాల్లో ఎముకలను వంకర్లు తిప్పే ఫ్లోరైడ్ ఉన్న సంగతి ఎన్నో ఏళ్ల కిందే బయటపడింది. మర్రిగూడ వైపు వంకర్లు పోయిన కాళ్లను చూసినవాళ్లు ఆ సభలోనే ఉన్నారు. ఫ్లోరైడ్ లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటిన నీళ్లు ఏళ్ల తరబడి తాగితే ఏమవుతుందో వాళ్లకు పుస్తకం అక్కర్లేదు. పైపు పగిలి నాలుగు రోజులు నల్లా రాకపోతే, చెరువులోనూ నీళ్లు లేకపోతే మళ్లీ బోరు నీళ్లే కదా అన్నారు. నల్లా వచ్చాక పుట్టినవాళ్లకు చెరువు పంట నీరు, అంతకుముందువాళ్లకు అది ఎండితే ప్రాణభయం. గీత మీద పేచీ అంతా ఇక్కడే ఉందని నాకప్పుడు అర్థమైంది.

ఒకమ్మాయి బోర్డు మీద లెక్క వేసింది. ఎకరంలో ఒక్క అంగుళం నీళ్లు నిలబెడితే లక్ష లీటర్ల పైమాట, అంటే ఐదు వేల లీటర్ల ట్యాంకర్లు 20. కరువులో బత్తాయి తోటలకు ట్యాంకర్లు తోలినవాళ్లు ఒక్కసారి నిటారుగా కూర్చున్నారు. ఆ తర్వాత నాలుగు ఫీట్ల దగ్గర గీతకు, చివరి మడుల్లో వరి మానేయడానికి ఒప్పుకున్నారు.

ఇక్కడ నా తప్పు చెప్పాలి. ఆ మీటింగుకు భూమి ఉన్నవాళ్లను, సొసైటీ సభ్యులను పిలిచాను. నాట్లేసే ఆడవాళ్లను పిలవలేదు. మర్నాడు పొద్దున్నే ఎనిమిది మంది మా ఇంటి ముందుకొచ్చారు. "వరి తగ్గిస్తే మా కూలి తగ్గుతది. మీ సుస్థిరంలో మేం లేమా సారూ?" అన్నారు. రెండో మీటింగు కట్ట మీదే పెట్టాం. ఆ మడులు బీడు పెట్టకుండా ఆరుతడిగా పల్లి వేయాలని, కాయ తెంపే పని ముందు ఊరివాళ్లకే ఇవ్వాలని తీర్మానమైంది. మొదటి మీటింగులో ఇది ఎవరికీ తట్టలేదు.

సుమారు 20 ఏళ్ల కింద నల్గొండ, మహబూబ్‌నగర్‌తో సహా ఉమ్మడి రాష్ట్రంలోని ఏడు జిల్లాల్లో రైతులే వానను, బావుల నీటిమట్టాన్ని కొలుచుకుని పంటల నీటి బడ్జెట్ వేసుకున్నారు. ఏ పంట వేయాలో ఎవరూ ఆజ్ఞ వేయలేదు, అంకెలు అందరి ముందు పెట్టారు, అంతే. మనమూ ఇకపై ప్రతి పదిహేను రోజులకు నీటిమట్టం కొలిచి గోడ మీద రాస్తాం. బోర్లవాళ్ల చందా సంగతి ఇంకా తేలలేదు, ఈ సభలో తేల్చాలి.

మార్చిలో ఒక రాత్రి ఎవరో తూము ఎత్తారు. ఎవరో మనకు తెలుసు, పేరు రాయను. నియమావళిలో జరిమానా లేకపోవడంతో ఏం చేయాలో తోచలేదు. చివరికి నాలుగు రోజులు కట్ట మీద తుమ్మ కొట్టమన్నాం. కొట్టాడు, తిట్టుకుంటూనే. గీత కింద నీళ్లు ఒక జానెడు తగ్గాయి.

మేలో ఆ గీత రంగు వెలిసిపోయింది. వానలు ముదరకముందే మళ్లీ వేయాలి. ఎర్ర రంగు డబ్బా సంఘం గదిలో ఉంది, బ్రష్షు ఎవరో పట్టుకుపోయారు, దయచేసి తెచ్చివ్వండి.

కార్యదర్శి