అమ్మ రక్తం ఎక్కడికి పోతోందని ఎవరూ అడగలేదు

తెలంగాణ రాష్ట్ర వైద్య ఆరోగ్య శాఖ మంత్రి గారికి నమస్కారం.

మా అమ్మ రక్తపరీక్షల రిపోర్టులు మూడు ముందు పెట్టుకుని ఈ లేఖ రాస్తున్నాను. మొదటిదానిలో హిమోగ్లోబిన్ 9.8. నాలుగు నెలల తర్వాత 8.6. మరో ఐదు నెలలకు 7.1. మూడింటినీ చూసింది హైదరాబాద్‌లోని ఒకే ప్రైవేటు ఆసుపత్రిలో ఒకే డాక్టరు గారు. మూడుసార్లూ ఐరన్ మాత్రలే రాశారు. "ఆడవాళ్లకు రక్తం తక్కువగా ఉండటం మామూలేనమ్మా" అన్నారు. అమ్మకు అప్పటికి 57 ఏళ్లు. నెలసరి ఆగిపోయి ఏడేళ్లయింది. మరి ఆ రక్తం ఎక్కడికి పోతున్నట్టు?

మలంలో రక్తం పడుతోందని రెండోసారి వెళ్లినప్పుడే అమ్మ చెప్పింది. ఆ మాట నోట రావడానికి ఆమెకు ఎన్ని రోజులు పట్టిందో నాకు తెలుసు. కన్నకూతురినైన నాతోనే వంటింట్లో అటు తిరిగి నిలబడి చెప్పింది. అంత బిడియం చంపుకుని చెబితే, పరీక్షించకుండానే 'మొలలు' అని రాసి, పూత మందూ ఇసబ్గోలూ ఇచ్చి పంపారు. మొలలు ఉండవచ్చు, కాదనను. కానీ మొలలున్న మనిషి పేగులో కణితి ఉండకూడదని ఎక్కడా లేదు కదా.

పదకొండో నెలలో పేగు మూసుకుపోయి, అర్ధరాత్రి అత్యవసరంగా ఆపరేషన్ చేశారు. పెద్దపేగు క్యాన్సర్ అప్పటికే కాలేయానికి పాకింది.

ఈ జబ్బు చాలావరకు పాలిప్ అనే చిన్న కండతో మొదలై, క్యాన్సర్‌గా మారడానికి ఏళ్లు పడుతుంది. పేగు లోపలికి కెమెరా గొట్టం పంపి చూసే కొలనోస్కోపీలో కనబడితే చాలాసార్లు అప్పుడే తీసేస్తారు. అంత గడువిచ్చే జబ్బు కాబట్టే, జరిగినదాన్ని తలరాత అని సరిపెట్టుకోలేకపోతున్నాను.

ఆ డాక్టరు గారిని జైలుకు పంపమని అడగడం లేదు. నెలసరి ఆగిన స్త్రీకి గానీ, ఏ వయసు మగవారికి గానీ ఐరన్ లోపంతో రక్తం తగ్గుతుంటే కారణం వెతకకుండా మాత్రలతో సరిపెట్టకూడదని ప్రభుత్వ, ప్రైవేటు ఆసుపత్రులన్నిటికీ లిఖితపూర్వక ఆదేశం ఇవ్వండి. బస్తీ దవాఖానాల్లో తీసిన నమూనాలు తెలంగాణ డయాగ్నొస్టిక్స్ అనే ప్రభుత్వ ల్యాబులకు వెళ్తున్నాయి. ఒకే మనిషి హిమోగ్లోబిన్ వరుసగా పడిపోతుంటే కంప్యూటరే డాక్టరును హెచ్చరించే ఏర్పాటు అక్కడి నుంచే మొదలుపెట్టవచ్చు. 30 ఏళ్లు దాటినవారికి జాతీయ కార్యక్రమం కింద నోటి, రొమ్ము, గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ల పరీక్షలు చేస్తున్నారు. పెద్దపేగు ఆ జాబితాలో లేదు.

ఇంకొక మాట. రోగి అడిగిన 72 గంటల్లో వైద్య రికార్డులు ఇవ్వాలని 2002 నాటి వైద్య నైతిక నియమావళి చెబుతోంది. మాకు 23 రోజులు పట్టింది, ఐదుసార్లు తిరిగాం. ఫిర్యాదును వైద్య మండలి ఆరు నెలల్లో తేల్చాలని కూడా అదే నియమావళిలో ఉంది. ఆ తీర్పు నచ్చకపోతే పైకి అప్పీలు చేసుకునే హక్కును 2019 నాటి జాతీయ వైద్య కమిషన్ చట్టం డాక్టరుకు ఇచ్చింది, రోగికి ఇవ్వలేదు. దీన్ని సవరించాలని మీరు కేంద్రాన్ని గట్టిగా అడగాలి.

అమ్మకు ఇప్పుడు కీమోథెరపీ నడుస్తోంది. సూది గుచ్చిన ప్రతిసారీ, ముందే నోరు విప్పి ఉంటే బాగుండేదని తనను తానే తిట్టుకుంటోంది. ఆమె చెప్పింది, మంత్రి గారూ. ఆ రెండో చీటీ మీద తేదీ కూడా ఉంది.

ఇట్లు,
అంబర్‌పేట నుంచి ఒక కూతురు