ఆరో నియమం గురించి చిన్నాకు

సింగ్‌నగర్, విజయవాడ

చిరంజీవి చిన్నాకు,

అమ్మ ఆశీర్వదించి రాయునది. ఇక్కడ మేమందరం క్షేమం. పరీక్షల హడావిడిలో మీ స్నేహితులందరూ కలిసి రాసి, హాస్టల్ గది తలుపు వెనుక అంటించుకున్న ‘విశ్వవిద్యాలయ గ్రంథాలయంలో మద్యము సేవించువారు పాటించవలసిన నియమములు’ అనే కాగితాన్ని ఫోటో తీసి పంపావు కదా. నిన్న రాత్రి అది మీ నాన్నగారికి పైకి చదివి వినిపించాను. ఇద్దరం బాగా నవ్వుకున్నాం. గ్రంథాలయ శాస్త్రవేత్త రంగనాథన్ గారు 1931లో ప్రకటించిన గ్రంథాలయ పంచసూత్రాలలో మొదటిది ‘పుస్తకాలు ఉపయోగం కొరకే’ కదా, దానిని ‘సీసాలు ఉపయోగం కొరకే’ అని మార్చి మొదటి నియమంగా పెట్టింది నువ్వేనని చూడగానే పోల్చుకున్నాను. ఇరవై ఆరేళ్ళు గ్రంథాలయంలో పనిచేసిన తల్లికి పుట్టినవాడు తప్ప ఇంకెవరూ అలా రాయరు.

రెండో నియమం కూడా బాగుంది, పుస్తకాలకు విషయాన్ని బట్టి అంకెలు వేసి సర్దే డ్యూయీ పద్ధతిని వాడుకున్నారు. తాగేవారు పానీయాల తయారీ పుస్తకాలుండే 663 అలమారా దగ్గర కూర్చోవాలనీ, పట్టుబడినవారు వెంటనే నీతిశాస్త్రంలోని 178కి మారిపోవాలనీ రాశారు. అయితే ఈ రెంటికీ నడుమ మీరు వదిలేసిన అలమారా ఒకటుంది. వ్యసనాలకు చేసే చికిత్స గురించిన పుస్తకాలుండే 616.86 అది. నేను ఉద్యోగంలో ఉన్నన్నాళ్ళూ ఆ వరస దగ్గరికి ఒంటరిగా వచ్చి, పుస్తకాన్ని ఇంటికి తీసుకువెళ్ళకుండా నిలబడే చదివి వెళ్ళిపోయిన ఆడవాళ్ళు నాకు ఇప్పటికీ గుర్తున్నారు.

‘ఒలికిన మద్యమును సమీపంలోని నిఘంటువుతో అద్దవలెను’ అన్న మూడో నియమం దగ్గర నా నవ్వు కొంచెం తగ్గింది. 2024 సెప్టెంబరులో బుడమేరు వాగు పొంగి నీళ్ళు మన ఇంట్లోకి వచ్చినప్పుడు కింది అరలోని పుస్తకాలన్నీ తడిసిపోయాయి. నువ్వప్పుడు ఇంట్లోనే ఉన్నావు, నీకు తెలియనిది కాదు. నునుపు కాగితం మీద అచ్చయిన బొమ్మల పుస్తకాలు ఒక్కొక్కటీ ఇటుకలా అతుక్కుపోయాయి. మామూలు కాగితం పుస్తకాలు ఉబ్బిపోయి, రెండు రోజులు తిరిగేసరికి బూజు పట్టడం మొదలైంది. మీ పెద్దమ్మ వాళ్ళ డాబా మీది గదిలో పంకా కింద పరిచి, పేజీల మధ్య పాత వార్తాపత్రికలు పెట్టి మార్చుకుంటూ వారం రోజులు కూర్చుంటే సగం మాత్రమే దక్కాయి. నీరు ఆరిపోతుంది. బీరు అలా కాదు, అందులోని చక్కెరా పిండిపదార్థమూ కాగితంలోనే మిగిలిపోయి చీమలనూ బొద్దింకలనూ పిలుచుకొస్తాయి. విస్కీ, బ్రాందీ వంటివి పడితే బాల్‌పెన్ను రాత కరిగి పారుతుంది. మన ఊళ్ళో 1911లో రామమోహన గ్రంథాలయాన్ని నెలకొల్పినవారూ, 1914లో ఇక్కడే ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘాన్ని మొదలుపెట్టిన అయ్యంకి వెంకటరమణయ్య గారూ, 1935లో కొల్లిపర వైపు కాలువ మీద పడవలో పుస్తకాలు పంపి పల్లెవాళ్ళ చేత చదివించిన పాతూరి నాగభూషణం గారూ ఒక్కో పుస్తకం కోసం పడిన పాట్లు నీకు చిన్నప్పుడు కథలుగా చెప్పాను. అందుకే ఈ నియమాన్ని తేలికగా తీసుకోలేకపోయాను.

నాలుగోది విడిచిపెడతాను, అది మీ వార్డెను గారి గురించి.

అయిదోది మాత్రం ఈ ఉత్తరం అందిన రోజే కొట్టివేయాలి. ‘బల్లపై తల వాల్చినవారు దీర్ఘాలోచనలో ఉన్నట్లు భావించవలెను, వారిని కదల్చరాదు’ అని రాశారు. నాన్నా, బాగా తాగి పడిపోయినవాడిని పడుకోనిస్తే తెల్లారేసరికి అదే తగ్గిపోతుందని అనుకోవడం వల్ల ప్రాణాలు పోతాయి. చివరిగా తాగినది రక్తంలో కలవడానికి సమయం పడుతుంది కనుక మనిషి నిద్రలోకి జారుకున్న తరువాత కూడా మత్తు పెరుగుతూనే ఉంటుంది. వెల్లకిలా పడుకున్నవాడికి వాంతి అయితే అది ఊపిరితిత్తుల్లోకి పోయే ప్రమాదం ఉంది. అటువంటివాడిని పక్కకు తిప్పి పడుకోబెట్టాలి, దగ్గరే ఒకరు కూర్చోవాలి. ఎంత లేపినా లేవకపోయినా, శ్వాస బాగా నెమ్మదించినా, ఒళ్ళు చల్లబడినా ఎవరేమంటారోనని చూడకుండా 112కి ఫోన్ చేయాలి. మజ్జిగ, నిమ్మరసం, కాఫీ వంటివి పోస్తే మత్తు దిగుతుందని మన వైపు అంటారు కానీ వాటివల్ల దిగదు. 650 మిల్లీలీటర్ల స్ట్రాంగ్ బీరు 8 శాతంది అయితే అందులో ఇంచుమించు 41 గ్రాముల ఆల్కహాలు ఉంటుంది. శరీరం గంటకు 7 నుంచి 10 గ్రాముల వరకే ఖర్చు చేయగలదు. ఆ ఒక్క సీసా వదలడానికే నాలుగు గంటలు దాటుతుందని నువ్వే లెక్క వేసుకో.

ఇక ఆరోది. ‘మద్యం సేవించి తీసుకున్న పుస్తకమునకు ఆలస్య రుసుము లేదు, ఏలననగా తీసుకున్న సంగతి అతనికి ఎన్నటికీ గుర్తురాదు.’ తక్కిన అయిదూ సరదాగా కూర్చుని అల్లినవి. ఇది మాత్రం అల్లినట్టు లేదు. మద్యం రక్తంలో వేగంగా పెరిగినప్పుడు, ముఖ్యంగా ఖాళీ కడుపుతో గబగబా తాగినప్పుడు, మెదడులో కొత్త జ్ఞాపకాలను నమోదు చేసే పని ఆగిపోతుంది. మనిషి నడుస్తాడు, మాట్లాడతాడు, గ్రంథాలయానికి వెళ్ళి సంతకం చేసి పుస్తకం కూడా తెచ్చుకుంటాడు. మర్నాడు ఆ గంటలు అతని దగ్గర ఉండవు. మరచిపోయినది ఎప్పటికైనా గుర్తుకు రావచ్చు. అసలు నమోదే కానిది ఎంత వెతికినా దొరకదు. ఆ ‘ఎన్నటికీ’ అన్న మాట రాసినవాడికి ఈ తేడా తెలుసు. పుస్తకాలలో చదివి తెలుసుకున్నాడేమో అనుకుందామని చూశాను కానీ, కాగితం మీద ఆ ఒక్క వాక్యమే వేరే చేతిరాతలో, చిన్న అక్షరాలతో, అడుగున ఇరికించినట్టు ఉంది.

నువ్వు తాగుతున్నావా అని నేను అడగడం లేదు. మన రాష్ట్రంలో 21 ఏళ్ళు నిండాలి, మీ ఢిల్లీలో 25 నిండాలి, నీకు ఇరవయ్యే అన్న సంగతి నీకు తెలుసు. ఎప్పుడైనా అటువంటిది జరిగితే దాచకుండా నాకు చెప్పగలవన్న నమ్మకం నాకుంది. మీ నాన్నగారు కూడా కోప్పడరు, ఆయనతో నిన్ననే మాట్లాడాను.

ఆదివారం రాత్రి తొమ్మిది తరువాత ఫోన్ చెయ్యి. ఆ ఆరో నియమం రాసిన అబ్బాయి ఎవరో, రాత్రిపూట గదిలో ఒంటరిగా ఉంటాడో నీతో ఉంటాడో, సరిగ్గా భోంచేస్తున్నాడో లేదో కనుక్కుని చెప్పు. అతనికి ఇష్టమైతే ఫోన్ అతని చేతికివ్వు, కాసేపు మాట్లాడతాను.

ఇట్లు,
మీ అమ్మ